దూరం నుంచే ఇంటి డ్రైవ్‌కి పని పురమాయించడం

(ఆలయ సభామందిరంలో ఆదివారం అర్చన, తీర్థప్రసాదాల తర్వాత సాంకేతిక సేవా బృందం తరఫున చేసిన ప్రసంగం. రాలేకపోయిన సభ్యుల కోరికపై పాఠాన్ని ఇక్కడ ఇస్తున్నాం.)

పులిహోర, దద్ధ్యోజనం తిన్న వెంటనే హార్డ్ డిస్కుల గురించి వినమనడం కొంచెం అన్యాయమే. అయినా ఇంతమంది లేవకుండా కూర్చున్నారంటే, ఈ బాధ చాలా ఇళ్ళలో ఉందన్నమాట.

ఈ ఏడాది మా సహాయ బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళు ఎక్కువగా రెండు ప్రశ్నలే అడిగారు. ఒకటి: "ఇండియా వెళ్తున్నాం, అమ్మానాన్నల ఫోటోలు, వీడియోలు అన్నీ ఇక్కడి డ్రైవ్‌లోకి ఎలా తెచ్చుకోవాలి?" రెండోది: "ఆఫీసులో ఉండగా ఎవరో పెద్ద ఫైల్ లింకు పంపుతారు. ఇంటికి వెళ్ళేదాకా ఆగకుండా, ఇక్కణ్ణుంచే ఇంటి డ్రైవ్‌లో దిగేలా చేయొచ్చా?" చూడటానికి వేరువేరుగా ఉన్నా రెండూ ఒకటే ప్రశ్న. మనం ఒకచోట ఉన్నాం, సరుకు ఇంకోచోట ఉంది, చేరాల్సింది మూడోచోటికి.

పూర్వం మన ఊళ్ళలో కిరాణా కొట్టుకి కబురు చేస్తే బియ్యం బస్తా రిక్షాలో నేరుగా ఇంటికి వచ్చేది. కబురు చేసినవాళ్ళ భుజం మీదుగా రాలేదు. ఇదీ అంతే. మన ఫోన్ కబురు మాత్రమే తీసుకెళ్తుంది. ఫైలును ఇంటి డ్రైవే వెళ్ళి తెచ్చుకుంటుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువు. చాలామంది చేసేది బస్తా తమ భుజానికి ఎత్తుకోవడం: ముందు ఫోన్‌లోకి దించుతారు, ఫోన్ నిండిపోతుంది, కొన్ని తీసేస్తారు, మిగిలినదాన్ని ఇంటికి ఎక్కించడం మొదలుపెడతారు, రాజమండ్రిలో కరెంటు పోతుంది.

లెక్క చూడండి. 60 గిగాబైట్ల సామాను ఉందనుకుందాం. ఇంటి ఇంటర్నెట్ సెకనుకు 300 మెగాబిట్ల వేగంతో దించుకోగలిగితే లెక్క ప్రకారం 27 నిమిషాల పని. అదే సామాను 20 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్నచోటు నుంచి పంపాలంటే 6 గంటల 40 నిమిషాలు. నిజంగా చేసేటప్పుడు రెండూ ఇంకొంచెం ఎక్కువే పడతాయి. అమెరికాలో కేబుల్ కనెక్షన్లకు దించుకునే దారి వెడల్పు, పంపే దారి ఇరుకు. ఇంటి డ్రైవ్ తానే వెళ్ళి తెచ్చుకుంటే వెడల్పాటి దారిలో వస్తుంది. (హైదరాబాదులో ఫైబర్ ఉన్న ఇళ్ళలో పంపే వేగం మన ఇళ్ళకంటే బాగుండటం మేము చాలాసార్లు చూశాం. కొంచెం అసూయగానే ఉంటుంది.) ఒక జాగ్రత్త: కొన్ని కేబుల్ ప్లాన్లలో నెలకు 1.2 టెరాబైట్ల పరిమితి ఉంటుంది. ముగ్గురు పిల్లలు టీవీ చూసే ఇంట్లో నెలాఖరున 500 గిగాబైట్లు దించితే బిల్లు పెరగవచ్చు. నెల మొదట్లో పెట్టుకోండి.

ఇంటి డ్రైవ్ అంటే ఇక్కడ మేము చెప్పేది కాస్ట్‌కోలో కొని బీరువాలో పెట్టిన యూఎస్‌బీ డిస్కు కాదు. దానికి సొంత బుర్ర లేదు, కంప్యూటర్‌కి తగిలిస్తేనే పనిచేస్తుంది. రౌటర్ పక్కన పెట్టే చిన్న పెట్టె ఉంటుంది, లోపల రెండో నాలుగో డిస్కులు. నాస్ అంటారు. సినాలజీ, క్యూనాప్ లాంటి కంపెనీలవి మన సభ్యుల ఇళ్ళలో ఎక్కువ. అది స్వయంగా ఒక చిన్న కంప్యూటర్. ఈ రెండు కంపెనీల పెట్టెల్లోనూ "డౌన్‌లోడ్ స్టేషన్" అనే పేరుతోనే ఒక ప్రోగ్రామ్ ఉంది. బయటినుంచి బ్రౌజర్‌లో దాన్ని తెరిచి లింకు అతికిస్తే చాలు, పెట్టె ఆ ఫైలును తెచ్చుకుంటుంది. మధ్యలో మీ ఫోన్ ఆపేసినా, విమానం ఎక్కినా దాని పని అది చేసుకుపోతుంది.

నాస్ లేనివాళ్ళు నిరుత్సాహపడక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ డిస్కు తగిలించి, నిద్రపోకుండా సెట్ చేసి, రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకుంటే ఈ పనుల్లో చాలా భాగం అవుతాయి.

ఇప్పుడు అసలు చిక్కు. ఏ లింకు అతికించినా వచ్చేస్తుందా? రాదు. ఇక్కడే మన సభ్య కుటుంబం ఒకరి సంగతి చెప్పాలి. వారి అనుమతితో, పేరు లేకుండా చెబుతున్నాం.

నాన్నగారు పోయి ఏడాది. ఆబ్దికానికి కొడుకు రాజమండ్రి వెళ్ళాడు. అమ్మగారు, నాన్నగారు ఇద్దరూ ఒకే టాబ్లెట్, ఒకే గూగుల్ ఖాతా వాడేవారు. ఆయన పోయాక ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. కవర్ వేసి దేవుడి గదిలో అలమరలో పెట్టేశారు. గూగుల్ నియమం ప్రకారం రెండేళ్ళపాటు ఎవరూ వాడని వ్యక్తిగత ఖాతాను తొలగించవచ్చు. 2023 మేలో ప్రకటించారు, ఆ డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని ఉత్తరాలు, ఫోటోలు, వీడియోలు అన్నీ పోతాయి. ముందు హెచ్చరిక పంపుతారు నిజమే. కానీ ఆ హెచ్చరిక వెళ్ళేది ఆ ఖాతాకీ, ఇంకో ఈమెయిల్ ఇచ్చి ఉంటే దానికీ. అలమరలో ఉన్న టాబ్లెట్‌లో మోగే హెచ్చరిక ఎవరు చూస్తారు?

కొడుకు చేసిన మొదటి పని సరైనదే. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని గూగుల్ టేక్‌అవుట్ తెరిచాడు. ఖాతాలో ఉన్నదంతా మూటగట్టి ఇచ్చే సదుపాయం అది. కొన్ని గంటల తర్వాత మూటలు సిద్ధం, మొత్తం సుమారు 60 గిగాబైట్లు. "ఉచిత ఖాతా 15 గిగాబైట్లే కదా, 60 ఎలా వచ్చింది?" అని మమ్మల్ని అడిగాడు. 2021 జూన్ 1కి ముందు గూగుల్ ఫోటోస్‌లో కాస్త తగ్గించిన నాణ్యతతో ఎక్కించినవి ఆ 15లో లెక్కకు రావు. చాలామంది పెద్దవాళ్ళ ఖాతాల్లో కనిపించే అంకెకంటే ఎక్కువ సామాను ఉంటుంది.

ఆ లింకును కాపీ చేసి, ఇక్కడి ఇంట్లో ఉన్న నాస్‌కి ఇచ్చాడు. నిమిషంలో "పూర్తయింది" అని వచ్చింది. ఫైల్ పేరు చివర జిప్ అనే ఉంది, సైజు చూస్తే కొన్ని కిలోబైట్లు. వచ్చింది ఫోటోల మూట కాదు, "దయచేసి లాగిన్ అవండి" అనే పేజీ. ఎందుకంటే టేక్‌అవుట్ లింకు తెరవాలంటే ఆ ఖాతాలోకి లాగిన్ అయి ఉండాలి. నాస్ ఎవరో అపరిచితుడిలా వెళ్ళి తలుపు కొట్టింది. గుమ్మం దగ్గరే ఆపేశారు.

ఈ సందర్భంలో రెండు దారులున్నాయి. మూటలను టేక్‌అవుట్ నేరుగా డ్రాప్‌బాక్స్‌కో వన్‌డ్రైవ్‌కో పంపేలా ఎంచుకుని, అక్కణ్ణుంచి నాస్ తెచ్చుకునేలా చేయడం ఒకటి. సినాలజీలో దీనికి క్లౌడ్ సింక్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది. అక్కడ 60 గిగాబైట్ల చోటు ఉండాలి, నెలరోజులకు కొనుక్కుంటే సరిపోతుంది. గూగుల్ డ్రైవ్‌కే పంపొచ్చు కదా అంటే, ఆ మూట మళ్ళీ ఆ ఖాతా 15 గిగాబైట్ల లెక్కలోకే వస్తుంది, పట్టదు.

రెండో దారి అతను ఎంచుకున్నది. ఇక్కడి ఇంట్లో కంప్యూటర్ ఉంది, దాంట్లో రిమోట్ డెస్క్‌టాప్ బయల్దేరేముందే పెట్టుకున్నాడు. రాజమండ్రి నుంచి ఆ కంప్యూటర్ తెర తెరిచి, దాని బ్రౌజర్‌లో నాన్నగారి ఖాతాలోకి లాగిన్ అయ్యాడు. అమెరికా నుంచి కొత్త కంప్యూటర్ అని గూగుల్‌కి అనుమానం వచ్చి, టాబ్లెట్‌కి "మీరేనా?" అని అడిగింది. అమ్మగారు "అవును" నొక్కారు. బ్రౌజర్ దించే ఫోల్డర్‌గా నాస్‌లోని ఫోల్డర్‌నే చూపించాడు. రాజమండ్రిలో రాత్రి భోజనాలకు ముందు మొదలుపెట్టాడు, అక్కడ తెల్లారేసరికి అన్ని మూటలూ ఇక్కడి ఇంట్లో ఉన్నాయి.

ఆ "అవును" నొక్కడం చిన్న విషయంలా ఉంది కానీ, ఈ ప్రసంగం మొత్తంలో మేము ఎక్కువ పట్టుబట్టే మాట అదే. ఈ పని తల్లిదండ్రుల పక్కన ఉన్నప్పుడే చేయండి. ఓటీపీ వెళ్ళేది వాళ్ళ ఇండియా నంబరుకి. మీరు తిరిగొచ్చాక, అర్ధరాత్రి ఫోన్ చేసి "అమ్మా, మెసేజ్‌లో ఆరంకెలు వచ్చాయా, చదువు" అంటే, అవతల ఆవిడ కళ్ళజోడు వెతుక్కునేలోపు దాని గడువు అయిపోతుంది. పైగా ఫోన్లో ఎవరు అడిగినా ఓటీపీ చెప్పకూడదని మనమే వాళ్ళకు నేర్పాం. ఆ అలవాటును మనమే పాడుచేయకూడదు. టేక్‌అవుట్ మూటలు కూడా సుమారు వారం రోజులే ఉంటాయి. ప్రయాణం ఆఖరి రోజున మొదలుపెట్టొద్దు.

ఆ మూటల్లో ఏం దొరికింది అంటారా? ఎక్కువ భాగం మనందరి ఇళ్ళలో ఉండేదే: గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఒకే మామిడి చెట్టు నలభై ఫోటోలు, కరెంటు బిల్లులు. వాటి మధ్య పదకొండు ఆడియో ఫైళ్ళు. మనవడికి సంధ్యావందనం నేర్పుతూ, ఒక్కొక్క భాగం ఆపి ఆపి, ఆయన టాబ్లెట్‌లో రికార్డు చేసుకున్నవి. వాటిని పంపడం ఎలాగో ఆయనకు తెలియలేదో, పంపాననుకున్నారో. ఇక్కడివాళ్ళకు అవి ఉన్నాయని కూడా తెలియదు. ఆ పిల్లవాడికి ఇప్పుడు పదమూడేళ్ళు. ఆ ఫైళ్ళు నాస్‌లోనే కాక అతని ఫోన్‌లోనూ ఉన్నాయి.

పెద్దవాళ్ళు బతికి ఉండగానే వాళ్ళ చేతే చేయించగల పని ఒకటుంది. గూగుల్ ఖాతా సెట్టింగుల్లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది. ఎన్ని నెలలు వాడకపోతే ఎవరికి కబురు పంపాలో, ఏమేమి వాళ్ళకు అందాలో ముందే రాసిపెట్టుకోవచ్చు. పది మంది వరకూ పేర్లు ఇవ్వొచ్చు. పాస్‌వర్డు అడిగి మన డైరీలో రాసుకోవడం కంటే ఇది మర్యాదైన పద్ధతి అని మా అభిప్రాయం. వాళ్ళ ఉత్తరాలు వాళ్ళవి. ఏది మనకు ఇవ్వాలో వాళ్ళే చెప్పాలి.

ఇక లాగిన్ అక్కర్లేని లింకుల సంగతి. వీటిలో మనవాళ్ళకు అన్నిటికంటే ఉపయోగపడేది తెలుగు పుస్తకాలు. ఇది మనం గర్వపడాల్సిన కథ కూడా. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయన పూనుకున్న మిలియన్ బుక్ ప్రాజెక్టు కింద అమెరికా, చైనా, ఇండియాల్లో పుస్తకాలను స్కాన్ చేశారు. 2007 నాటికే 15 లక్షలు దాటాయి. ఇండియా భాగానికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పేరు. వేల తెలుగు పుస్తకాలు అందులో ఉండేవి. తర్వాత ఆ సైటు మూతపడింది. అదృష్టం ఏమిటంటే, అంతకుముందే కార్ల్ మాలమూద్ అనే ఆయన లక్షల పుస్తకాలను అక్కణ్ణుంచి కాపీ చేసి, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు. ఈరోజు మనం తాతలనాటి శతకాలు, పాత పత్రికలు చదవగలుగుతున్నామంటే ఎవరో ఒకరు దూరం నుంచి ఒక ఫైల్ బదిలీ మొదలుపెట్టి, పూర్తయ్యేదాకా వదలకపోవడం వల్లే.

ఆ ఆర్కైవ్ కూడా శాశ్వతం అనుకోవద్దు. 2024 అక్టోబరులో దానిపై దాడి జరిగి కొన్ని రోజులు పనిచేయలేదు. 3 కోట్ల 10 లక్షల ఖాతాల వివరాలు బయటికి పోయాయి. పుస్తకాలు క్షేమంగానే ఉన్నాయి. కానీ మీ ఇంట్లో రోజూ పారాయణ చేసే గ్రంథం స్కాను ఒక కాపీ మీ దగ్గర ఉండటం మంచిది.

అక్కడ ప్రతి పుస్తకం పేజీలో పీడీఎఫ్ లింకు ఉంటుంది. దాన్ని నేరుగా డౌన్‌లోడ్ స్టేషన్‌కి ఇవ్వొచ్చు. చాలావాటికి టోరెంట్ లింకు కూడా ఉంటుంది. టోరెంట్ అనగానే కొందరు అటు ఇటు చూస్తున్నారు. బ్రామ్ కోహెన్ 2001లో తెచ్చిన ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. ఫైలును ముక్కలుగా అనేకమంది దగ్గరినుంచి తెచ్చి, ప్రతి ముక్కనూ సరిచూసుకుంటుంది. మధ్యలో ఆగినా మళ్ళీ అక్కణ్ణుంచే మొదలవుతుంది. తప్పల్లా శుక్రవారం విడుదలైన సినిమాను శనివారం దించుకోవడంలో ఉంది. టోరెంట్‌లో మనం దించుతూనే ఇతరులకు పంచుతుంటాం, ఆ పంచడం మన ఇంటి అడ్రసు మీదే కనిపిస్తుంది. ఇంటర్నెట్ కంపెనీ నుంచి నోటీసు వచ్చాక మా బల్ల దగ్గరికి వస్తే మేము చేయగలిగింది ఏమీ లేదు. పుస్తకాల్లోనూ కాపీహక్కు చూసుకోండి: ఇండియా చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళు. స్కాను దొరికినంత మాత్రాన అది అందరి సొత్తు కాదు. బతికున్న రచయితల పుస్తకాలు కొనుక్కుందాం.

ఇప్పుడు తలుపుల సంగతి. బయటినుంచి మనం ఇంటి డ్రైవ్‌ని పిలవగలిగితే, ఇంకొకరు కూడా పిలవగలరు. చాలామంది రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి, నాస్ లాగిన్ పేజీని ప్రపంచానికి తెరిచిపెడతారు. వీధి గుమ్మం తీసి, లోపలి గదికి మాత్రం తాళం వేసినట్టు. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే దాడిలో ఇలా తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెల్లోకి దొంగలు చొరబడి, ఫైళ్ళన్నీ పాస్‌వర్డుతో మూటగట్టి 0.01 బిట్‌కాయిన్ అడిగారు. ఆ జూన్‌లోనే వెస్టర్న్ డిజిటల్ వారి మై బుక్ లైవ్ అనే పాత డ్రైవులు ప్రపంచమంతటా ఒక్కసారిగా ఖాళీ అయిపోయాయి. 2015 తర్వాత వాటికి అప్‌డేట్లు లేవు. యజమానులు ఏమీ చేయలేదు, ఏమీ నొక్కలేదు. అవి ఇంటర్నెట్‌కి తగిలించి ఉన్నాయి, అంతే.

మేము సూచించేది పోర్టులు తెరవకపోవడం. బదులుగా టెయిల్‌స్కేల్ లాంటిది నాస్‌లోనూ, మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి. అప్పుడు ఆ రెండూ ఎక్కడున్నా ఒకే ఇంట్లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి, బయటివాళ్ళకు తలుపే కనిపించదు. ఇంటివాడకానికి ఉచితంగా సరిపోతుంది. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఇండియాలో చాలా కనెక్షన్లలో, ఇక్కడ సెల్ టవర్ మీద నడిచే హోమ్ ఇంటర్నెట్‌లో, ఒకే బయటి అడ్రసును అనేక ఇళ్ళు పంచుకుంటాయి. అక్కడ పోర్ట్ తెరుద్దామన్నా కుదరదు. ఈ పద్ధతి అక్కడా పనిచేస్తుంది. దీనితోపాటు నాస్‌లో అడ్మిన్ అనే పేరున్న ఖాతాను ఆపేసి, రెండంచెల లాగిన్ పెట్టి, డౌన్‌లోడ్ పనికి వేరే ఖాతా చేసుకోండి. ఆ ఖాతాకి దించే ఫోల్డర్ ఒక్కటే కనబడాలి, పెళ్ళి ఫోటోల ఫోల్డర్ కాదు.

సెలవులకు వెళ్ళేటప్పుడు పెట్టెను ఆపేసి వెళ్ళాలా అని అడుగుతుంటారు. రెండు డిస్కుల పెట్టె 20 వాట్లు తీసుకుందనుకుంటే నెలకు 14 యూనిట్ల చిల్లర, యూనిట్ 17 సెంట్ల లెక్కన రెండున్నర డాలర్లు లోపు. ఆన్‌లో ఉంచండి, కానీ బేస్‌మెంట్ నేలమీద కాదు, నీళ్ళు వస్తాయి. కరెంటు పోయి వస్తే తానే లేచేలా సెట్టింగ్ ఉంటుంది, అది చూసుకోండి. ఆపేసి ఉన్న కంప్యూటర్‌ని దూరం నుంచి లేపడానికి వేక్-ఆన్-లాన్ అని ఒక ఏర్పాటు ఉంది. 102 బైట్ల చిన్న కబురు: ముందు ఒక పిలుపు, తర్వాత ఆ యంత్రం అడ్రసు వరసగా 16 సార్లు. పదహారుసార్లు పేరు పిలిస్తేగానీ లేవదు. మా ఇళ్ళలో టీనేజ్ పిల్లలు ఉన్నారు కాబట్టి మాకది ఆశ్చర్యంగా అనిపించలేదు.

చివర్లో సభ్యులు అడిగిన రెండు ప్రశ్నలు.

"నాస్‌లో రెండు డిస్కులున్నాయి, ఒకదాని కాపీ ఇంకోదాంట్లో ఉంటుంది. ఇక బ్యాకప్ ఎందుకు?" అని ఒక పెద్దాయన అడిగారు. డిస్కు పాడైతే రెండోది కాపాడుతుంది. పొరపాటున ఫోల్డర్ తీసేస్తే రెండింట్లోనూ ఒకేసారి పోతుంది, దొంగ తాళం వేసినా అంతే. అందుకే ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉండాలి. డల్లాస్‌లో అన్నయ్య, ఇక్కడ తమ్ముడు ఉంటే, రాత్రిపూట ఒకరి పెట్టె ఇంకొకరి పెట్టెకు పంపేలా పెట్టుకోవచ్చు. మారినవి మాత్రమే పంపే పద్ధతి ఉంది కాబట్టి మొదటి రాత్రి తర్వాత భారం ఉండదు.

"ఫైల్ పూర్తిగా వచ్చిందని ఎలా తెలుస్తుంది?" ఇది ఒక అమ్మగారు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. ముందు సైజు చూడండి. 2 గిగాబైట్లు రావాల్సినది 90 కిలోబైట్లు ఉంటే అది లాగిన్ పేజీ. తర్వాత నిజంగా తెరిచి చూడండి, మధ్యలోనూ చివర్లోనూ. జిప్ మూటలైతే విప్పి చూసేదాకా ఇండియాలోని ఫోన్‌లోంచి ఏదీ తీసేయొద్దు. అసలు తీసేయాల్సిన అవసరం ఏముంది, నిండిపోతే తప్ప?

వచ్చే నెల రెండో ఆదివారం, అర్చన అయ్యాక, వంటశాల పక్క గదిలో సహాయ బల్ల ఉంటుంది. మీ రౌటర్, నాస్ మోడల్ పేర్లు ఫోటో తీసుకుని రండి. డిసెంబరులో ఇండియా వెళ్ళేవాళ్ళు ముందుగా వస్తే, రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకుని పార్కింగ్ లాట్‌లోంచే ఒకసారి పరీక్షించి చూపిస్తాం. పాస్‌వర్డులు మాత్రం కాగితం మీద రాసి తేవద్దు.